రాత్రి ఒంటిగంటన్నర ప్రార్థన

గుంటూరులో లూథరన్ గుడికి వెళ్తూ పెరిగిన పిల్లలెవరికైనా జూలై 31 అంటే ఏంటో తెలుసు. 1842లో ఆ రోజే మిషనరీ ఫాదర్ హయ్యర్ గారు గుంటూరులో అడుగుపెట్టారు, అప్పటి కలెక్టర్ స్టోక్స్ దొర ఆయన్ని ఆదరించాడు, ఇదంతా సండే స్కూల్లో మాకు కంఠతా. ఫోటోలో ఆ తెల్లగడ్డం చూసి అమెరికా దొర అని అనుకుంటూ పెరిగాను. ఆయన అసలు అమెరికాలో పుట్టలేదని, జర్మనీలో హెల్మ్‌స్టెట్ అనే ఊళ్ళో 1793లో పుట్టాడని, పద్నాలుగేళ్ళ వయసులో 1807లో సముద్రం దాటి ఫిలడెల్ఫియాలో బంధువుల ఇంటికి చేరిన పిల్లాడని నాకు నలభై ఏళ్ళొచ్చాక తెలిసింది. అంటే మా గుడికి పునాది వేసిన మనిషి కూడా పొట్ట చేతపట్టుకుని వేరే దేశం వెళ్ళినవాడే. మా తమ్ముడి లాగా, మా పిన్ని లాగా. ఇది తెలిసిన రోజు నుంచి రాద్దాం రాద్దాం అనుకుంటూ వాయిదా వేశాను, ఇప్పుడు పిన్ని విషయం చూశాక ఇంక ఆగబుద్ధి కాక కూర్చుని రాస్తున్నాను, ఎక్కడికి పోతుందో నాకే తెలీదు, కొంచెం ఓపిగ్గా చదవండి.

ముందు మా తమ్ముడి సంగతి. వాడు డాలస్ దగ్గర ఉంటాడు, సాఫ్ట్‌వేర్. పోయినేడు వాడికి బాబు పుడితే అమ్మ మోకాళ్ళ నొప్పులతో వెళ్ళలేక నన్ను పంపింది, మూడు నెలలు ఉన్నాను. మొదటి ఆదివారం పొద్దున్నే లేచి తలస్నానం చేసి చీర కట్టుకుని రెడీగా కూర్చుంటే మా మరదలు నవ్వి "వదినా, మన గుడి మూడింటికి" అంది. మధ్యాహ్నం మూడింటికి ఆరాధనేంటి, అన్నం తిని కునుకు తీసే టైము కదా అనుకున్నా. వెళ్ళాక అర్థమైంది. గుడి అమెరికన్ లూథరన్లది, పొద్దున వాళ్ళ ఆరాధన అయిపోయాక మధ్యాహ్నం నుంచి తెలుగు వాళ్ళకి అద్దెకిస్తారు. అక్కడ మన సంఘాలు చాలావరకు ఇలాగే మొదలవుతాయట, సొంత గుడి అనేది పదేళ్ళకో ఇరవై ఏళ్ళకో. పొద్దున వాళ్ళ ఆరాధనకి పాతిక మంది, అందరూ పెద్దవాళ్ళు. మధ్యాహ్నం మన వాళ్ళు నూట ఇరవై మంది, సగం చిన్న పిల్లలు. ఒకే గుడి, ఒకే బల్లలు, పొద్దున చూస్తే మనవలు రాని ఇల్లులా ఉంది, మధ్యాహ్నం చూస్తే పెళ్ళి విడిది లాగా ఉంది.

అందులోకి వెళ్ళాక నాకు అన్నిటికంటే ఆశ్చర్యం అనిపించింది ఎవరెవరు వచ్చారన్నది. ఒకాయన ఒంగోలు బాప్టిస్టు, ఒకావిడ బాపట్ల సాల్వేషన్ ఆర్మీ, విజయవాడ సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వాళ్ళున్నారు, పెంతెకోస్తు వాళ్ళున్నారు, భక్తసింగ్ గారు మొదలుపెట్టిన హెబ్రోను సంఘం వాళ్ళున్నారు, ఇద్దరు ముగ్గురు క్యాథలిక్కులు, అంటే ఆర్‌సీఎం వాళ్ళు కూడా, వాళ్ళు ఏటా ఫిబ్రవరిలో గుణదల మాత ఉత్సవానికి నడిచి వెళ్ళిన కుటుంబాలవాళ్ళు. గుంటూరులో ఈ గుళ్ళన్నీ ఒకే రోడ్డు మీద ఉంటాయి, అయినా మేం ఒకళ్ళ గుడిలోకి ఒకళ్ళు పెళ్ళికో చావుకో తప్ప వెళ్ళం. అక్కడ అందరూ ఒక్క గదిలో, ఎందుకంటే తెలుగు అనేదే అక్కడ మిషన్, అంటే క్రైస్తవ శాఖ, అయిపోయింది. నాకు చాలా సంతోషమేసింది, కానీ ఆ ఒక్క గదిలో కూర్చోవడానికి ఎంత సర్దుకుపోవాలో కూడా మూడు నెలల్లో చూశాను. చెప్పులు బయట విడవాలని హెబ్రోను వాళ్ళు, చలికాలం ఆ టైల్స్ మీద పిల్లలకి జలుబు చేస్తుందని మిగతావాళ్ళు. పాత కీర్తనలు పాడాలని మా లాంటి వాళ్ళు, డ్రమ్స్ పెట్టి కొత్త పాటలు పాడాలని కుర్రవాళ్ళు. ప్రభురాత్రి భోజన సంస్కారంలో ద్రాక్షరసం అందరికీ ఒకే గిన్నెలోనా, చిన్న చిన్న కప్పుల్లోనా. ప్రతిదీ మీటింగ్ పెట్టుకుని తేల్చుకోవాల్సిందే, ఇక్కడైతే తాతల నాటి నుంచి ఉన్న పద్ధతి, ఎవరూ అడగరు.

బాబు బాప్తిస్మం దగ్గర అసలు గొడవొచ్చింది. మేం లూథరన్లం, పసిపిల్లలకే బాప్తిస్మం ఇప్పిస్తాం. అక్కడి తెలుగు పాస్టర్ గారిది బాప్టిస్టు కుటుంబం, పెద్దయ్యాక నీళ్ళలో ముంచితేనే బాప్తిస్మం, ఇప్పుడు బాబుని దేవుడికి అప్పగించే ప్రతిష్ఠ ప్రార్థన మాత్రం చేస్తానన్నారు. ఇక్కడ గుంటూరులో అమ్మ ఫోన్లో ఏడుపు, బాప్తిస్మం లేకుండా పిల్లాణ్ణి ఎలా ఉంచుతారర్రా అని. చివరికి ఎలా తేలిందంటే, పొద్దున ఆరాధనలో అమెరికన్ పాస్టర్ గారు బాబుకి బాప్తిస్మం ఇచ్చారు, మధ్యాహ్నం ఆరాధనలో తెలుగు పాస్టర్ గారు అదే బాబుని ఎత్తుకుని ప్రతిష్ఠ ప్రార్థన చేశారు, రెండిటికీ అందరూ వచ్చారు, రెండిటి మధ్యలో హాల్లో బిర్యానీ తిన్నాం. అమ్మ వీడియోలో రెండూ చూసింది. పొద్దున వచ్చిన ఆ పాతికమంది పెద్దవాళ్ళు పసిపిల్లాడి బాప్తిస్మం చూసి చాలా ఏళ్ళైందని చెప్పారు, ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు. మా వాళ్ళకి అవసరమైనది వాళ్ళ దగ్గరుంది, వాళ్ళకి అవసరమైనది మా దగ్గరుంది, నాకైతే అలాగే అనిపించింది.

అన్నీ ఇంత బాగా జరగలేదు లెండి. మా వంటల వాసన హాల్లో కార్పెట్‌కి పట్టేస్తోందని, తర్వాత వచ్చేవాళ్ళు ఇబ్బంది పడుతున్నారని ఒక ఉత్తరం వచ్చింది, మర్యాదగానే రాశారు, కానీ మా మరదలు అది చదివి రెండు రోజులు ముభావంగా ఉంది. ఆదివారం అందరం కలిసి అన్నం తినకపోతే మన వాళ్ళకి ఆరాధన పూర్తయినట్టు ఉండదు, ప్రేమ విందు లేని క్రిస్మస్ ఎవరైనా చూశారా. అక్కడ ఒంటరిగా ఉండే చదువుకునే పిల్లలు వారానికి ఒక్కసారి పప్పు, పచ్చడి, వేడన్నం తినేది అక్కడే. చివరికి వండటం ఇళ్ళల్లో, వేడి చేసుకోవడం మాత్రం గుడిలో, కిటికీలు తీసి పెట్టి, ఇలా ఒప్పందం అయింది.

కోత పండుగ గురించి చెప్పకుండా ఉండలేను. మా దగ్గర కోత పండుగ అంటే తెలుసు కదా, వడ్లు, మిర్చి, గుమ్మడికాయలు, కోళ్ళు, కొబ్బరికాయలు అన్నీ గుడి ముందు పెట్టి వేలం వేస్తారు, నాన్న హార్మోనియం పక్కన పెట్టి మరీ వేలంలో పాడేవాడు. డాలస్‌లో పంట ఎక్కడిది? ప్రతి ఇంటి వెనకా గోంగూర ఉంది, టెక్సాస్ ఎండకి బ్రహ్మాండంగా వస్తుంది, కుండీల్లో కరివేపాకు మొక్కలు, ఆనపకాయలు, తోటకూర. అవే తెచ్చి పెట్టారు. ఒక కరివేపాకు మొక్క, జానెడు కూడా లేదు, వేలంలో నూట పది డాలర్లకి వెళ్ళింది. పాడుకున్నాయన తెనాలి వైపు అబ్బాయి, చేతులు వణుకుతున్నాయి ఆ కుండీ పట్టుకుంటే, వాళ్ళమ్మ పోయి నాలుగు నెలలైందట, అంత్యక్రియలకి వెళ్ళలేకపోయాడు, వీసా స్టాంపింగ్ గొడవ. ఆ మొక్కని ఒళ్ళో పెట్టుకుని ఆరాధన అయిందాకా అలాగే కూర్చున్నాడు.

కులం మాటా చెప్పాలి, చెప్పకపోతే అబద్ధం రాసినట్టే. మన దగ్గర క్రైస్తవుల్లో ఎవరైనా కొత్తగా పరిచయమైతే "మీది ఏ ఊరండీ, ఏ మిషన్ అండీ" అని అడుగుతారు. ఊరూ మిషనూ కలిపి వింటే కులం తెలిసిపోతుంది, అడిగేదే అందుకు. ఫిరంగిపురం బాలయేసు గుడి చుట్టూ ఉన్న రెడ్డి క్యాథలిక్కుల పెద్దలు 18వ శతాబ్దంలో రాయలసీమ వైపు నుంచి వలస వచ్చినవాళ్ళే, విశ్వాసంతో పాటు కులాన్నీ మోసుకొచ్చారు, మాల మాదిగ సంఘాల్లో కూడా మీరు వేరు మేం వేరు అనేది ఇప్పటికీ పోలేదు. అమెరికాలో అయినా ఈ ప్రశ్న ఉండదనుకున్నా. రెండో ఆదివారమే ఒకావిడ నా పక్కన కూర్చుని ఇడ్లీ పెడుతూ ఎంతో ప్రేమగా "మీది ఏ మిషన్ అమ్మా" అంది. నా గుండె జారిపోయింది. అంత దూరం వచ్చి, ఓడ కాదు విమానం ఎక్కి, సముద్రాలు దాటి, ఈ ఒక్క మూట మాత్రం ఎయిర్‌పోర్టులో కూడా ఎవరూ ఆపలేదు.

మా తమ్ముడు ఆఫీసులో ఇంకో రకం ఇబ్బంది చెప్తాడు, ఇండియన్ అనగానే హిందువే అనుకుంటారట, క్రిస్టియన్ అంటే ఎప్పుడు మారారు అని అడుగుతారట. 2011 జనాభా లెక్కల్లో మన దేశంలో క్రైస్తవులు 2.3 శాతం. అదే అమెరికాలో ఉన్న భారతీయుల్లో 18 శాతం దాకా క్రైస్తవులని 2012లో ప్యూ రిసెర్చ్ వాళ్ళ సర్వేలో తేలింది. మలయాళీలు ఎక్కువ ఉంటారు అందులో, నర్సులుగా వెళ్ళినవాళ్ళు. మాది అయిదో తరం అని మా వాడు చెప్తే వాళ్ళు నమ్మరు.

ఇప్పుడు భాష. మా మేనకోడలికి ఏడేళ్ళు, తెలుగు అర్థమవుతుంది, మాట్లాడదు. ఆరాధన మొదలవగానే పిల్లలందరూ పక్క గదికి వెళ్ళిపోతారు, అక్కడంతా ఇంగ్లీషు. ఇటు గదిలో అమ్మానాన్నలు తెలుగులో ఏడుస్తూ ప్రార్థన చేస్తుంటే అటు గదిలో పిల్లలు ఇంగ్లీషులో పాడుతుంటారు, మధ్యలో ఒక్క తలుపు. పెద్దల మీటింగులో దీని మీద గంటల తరబడి వాదన, తెలుగు వదిలేస్తే మనం ఎందుకు ఇక్కడ విడిగా కూడుకోవడం అని ఒకళ్ళు, తెలుగు పట్టుకుని కూర్చుంటే పిల్లలు పెద్దయ్యాక గుడికే రారు అని ఇంకొకళ్ళు. అమెరికాలోని కొరియన్ గుళ్ళల్లో ఇదే జరిగిందట, పిల్లలు కాలేజీకి వెళ్ళి ఇంక తిరిగి రాలేదట, చప్పుడు లేకుండా వెళ్ళిపోయారని వాళ్ళే చెప్పుకుంటారు. నేను కూడా మనసులో తెలుగు వైపే ఉన్నాను అప్పటిదాకా.

ఒక ఆదివారం పొద్దున ఆరాధన నుంచి ఒక ముసలావిడ ఇంకా వెళ్ళకుండా కారు కోసం ఎదురుచూస్తూ కూర్చుంది, ఎనభై దాటి ఉంటాయి. గుమ్మం దగ్గర పునాది రాయి ఉంది, దాని మీద అక్షరాలు ఇంగ్లీషులో లేవు, ఏంటా అని చూస్తున్నా. ఆవిడ చూసి జర్మన్ అని చెప్పింది. టెక్సాస్‌కి 1840ల నుంచి జర్మన్లు వచ్చారు, వాళ్ళ పూర్వీకులు కూడా అలా వచ్చినవాళ్ళే. వాళ్ళ నాయనమ్మకి దేవుడితో జర్మన్‌లో తప్ప మాట్లాడటం రాదట. 1917లో అమెరికా జర్మనీ మీద యుద్ధానికి దిగాక జర్మన్ మాట్లాడితే అనుమానంగా చూసేవాళ్ళు, చాలా లూథరన్ గుళ్ళు ఇంగ్లీషుకి మారిపోయాయి, ఈ గుడి కూడా. "నీకు వచ్చా?" అని అడిగా నా వచ్చీరాని ఇంగ్లీషులో. ఆవిడ కాసేపు ఆలోచించి కళ్ళు మూసుకుని "ఫాటర్ ఉన్జర్" అని మొదలుపెట్టి యేసు నేర్పిన పరలోక ప్రార్థన మొత్తం చెప్పింది, మధ్యలో ఒక్కచోట ఆగింది అంతే. ఇంకేమీ రాదు నాకు, ఇదొక్కటే మిగిలింది అంది. ఆవిడ పక్కన నుంచుని నేను తెలుగులో చెప్పాను. వింటూ నా చెయ్యి పట్టుకుంది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు నాకు. ఇంటికొచ్చాక హయ్యర్ గారి గురించి చదివింది అంతా మళ్ళీ గుర్తొచ్చింది. ఆయన ఫిలడెల్ఫియాకి వచ్చేనాటికి అక్కడి జర్మన్ లూథరన్లు సరిగ్గా ఇదే గొడవలో ఉన్నారు, జర్మనా ఇంగ్లీషా అని, ఆయన రాకముందు ఏడాదే, 1806లో, ఇంగ్లీషు కావాలన్నవాళ్ళు విడిపోయి వేరే గుడి పెట్టుకున్నారు. ఆ గొడవల మధ్య పెరిగిన పిల్లాడు పెద్దయ్యి, అమెరికాలో ఊరూరా తిరిగి వలసొచ్చిన జర్మన్ల మధ్య పనిచేసి, తర్వాత గుంటూరు వచ్చి తెలుగు నేర్చుకోవడానికి కూర్చున్నాడు. మధ్యలో వెనక్కి వెళ్ళి వైద్యం చదువుకుని మళ్ళీ వచ్చాడు. 1869లో 76 ఏళ్ళ వయసులో మూడోసారి ఓడెక్కి వచ్చాడు. నా మేనకోడలు ఇంగ్లీషులో ప్రార్థన చేస్తే నాకెందుకు బాధ, మేం ఈ రోజు గుంటూరులో ప్రార్థన చేస్తున్నాం అంటే ఎవరో ఒక మనిషి తన తల్లి భాష పక్కన పెట్టి మా భాష పట్టుకోవడం వల్లే కదా. అలా అనుకున్నాక కూడా బాధ పూర్తిగా పోలేదు, నిజం చెప్తున్నా. పరలోక ప్రార్థన ఒక్కటి మాత్రం తెలుగులో నేర్పమని తమ్ముణ్ణి బతిమాలి వచ్చాను.

ఇది కొత్తగా వచ్చిన కష్టం కూడా కాదు మనకి. 1860లో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ దక్షిణాఫ్రికాలో డర్బన్ చేరింది, చెరకు తోటల కూలీలతో. తర్వాత ఏళ్ళ తరబడి అలా వెళ్ళినవాళ్ళల్లో తెలుగు వాళ్ళు చాలామంది, బాప్టిస్టులూ ఉన్నారు, వాళ్ళకి కాపరి, అంటే పాస్టర్, కావాలంటే నెల్లూరు నుంచి జాన్ రంగయ్య గారు 1903లో వెళ్ళి కియర్స్నీలో సంఘం పెట్టారు. తెలుగు సంఘాలు చందాలు వేసుకుని పంపిన మనిషి ఆయన. మిషనరీ అంటే తెల్లదొరే అనుకుంటాం కదా, అందుకని చెప్తున్నా.

ఇంక పిన్ని. అమ్మ చెల్లెలు, అయిదో తరగతి దాకా చదివింది, పొన్నూరు దారిలో ఒక ఊరికి కోడలుగా వెళ్ళింది. బాబాయి పోయాక మిర్చిలో చేసిన అప్పు మెడకి చుట్టుకుంటే 2008లో ఇంటిపని వీసా మీద కువైట్ వెళ్ళింది, పద్నాలుగేళ్ళు ఉంది. వెళ్ళకముందు పిన్ని గుడిలో ఎలా ఉండేదో నాకు బాగా గుర్తు, వెనక వరసలో చాప మీద, కొంగు నెత్తిన వేసుకుని, పాట కూడా పెదాలతోనే. దేవుడు తనకేం చేశాడో లేచి సాక్ష్యం చెప్పమంటే తల అడ్డంగా ఊపేది.

కువైట్లో మొదటి మూడేళ్ళు సెలవే లేదు. పాస్‌పోర్టు కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, దగ్గర, బయటికి వెళ్తే చెత్త పారేయడానికే. పని అయ్యేసరికి రాత్రి పదకొండు, పండగ నెలలో అయితే ఇంకా ఆలస్యం. అప్పుడు ఫోన్లో ఇంకో ముగ్గురు తెలుగు ఆడవాళ్ళతో కలిపి ప్రార్థన మొదలైంది, ఒకామె కడప, ఇద్దరు గోదావరి వాళ్ళు, ఎవరూ ఎవరి మొహం చూడలేదు. ఒకళ్ళు పాట ఎత్తుకుంటే మిగతావాళ్ళు గుసగుసగా పాడేవాళ్ళు, ఇంట్లో వాళ్ళకి వినపడకూడదు కదా. బైబిలు వాక్యం చదవడానికి ఎవరో ఒకరు కావాలి, పిన్నికే కాస్త కూడబలుక్కుని చదవడం వచ్చు. అలా చదివి చదివి చదువు వచ్చింది, చదివింది చెప్పడం వచ్చింది. ముగ్గురు కాస్తా ముప్ఫై మంది అయ్యారు.

తర్వాత ఇల్లు మారాక శుక్రవారం సెలవు దొరికింది. గల్ఫ్‌లో ఆదివారం పనిరోజు, అందుకే ఆరాధన శుక్రవారం. దుబాయ్ వైపు 2022 జనవరి నుంచి వారాంతపు సెలవు శని ఆదివారాలకి మార్చారు, దాంతో అక్కడ చాలా సంఘాలు మళ్ళీ ఆదివారానికి వచ్చాయి, కువైట్లో మాత్రం శుక్రవారమే. కువైట్ సిటీలో నేషనల్ ఇవాంజెలికల్ చర్చి కాంపౌండ్ ఉంది, పాత అమెరికన్ మిషన్ స్థలం, పిన్ని చెప్తుంటే కళ్ళకి కట్టినట్టు ఉంటుంది, ఒక గదిలో మలయాళం, పక్క గదిలో ఫిలిప్పీన్స్ వాళ్ళు, ఇంకో దాంట్లో ఇథియోపియా వాళ్ళు, అరబ్బీలో ఈజిప్టు వాళ్ళు, ఒక జట్టు బయటికొస్తుంటే ఇంకో జట్టు లోపలికి, టైము దాటితే తలుపు మీద టకటక కొడతారు. తెలుగు వాళ్ళల్లో ఎక్కువమంది ఇంటిపని చేసే ఆడవాళ్ళే, మగవాళ్ళు డ్రైవర్లు. పాస్టర్ గారు రాని రోజు వాక్యం ఎవరు చెప్తారు అంటే అందరూ మా పిన్ని వైపు చూశారట. వెనక వరసలో కొంగు కప్పుకుని కూర్చున్న మనిషి.

పిన్ని గురించి విన్నప్పుడల్లా నాకు ధాత కరువు గుర్తొస్తుంది. 1876 నుంచి 78 దాకా కరువు, జనం ఆకలితో ఊళ్ళు వదిలి పనికోసం తిరిగారు, ఒంగోలు మిషనరీ క్లవ్ దొర బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం పని కాంట్రాక్టు తీసుకుని వాళ్ళకి కూలి ఇచ్చాడు. ఎక్కడెక్కడి ఊళ్ళ నుంచో వచ్చి పాకల్లో ఉన్న మాదిగ కూలీలు పని మధ్యలో, పని అయ్యాక వాక్యం విన్నారు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అంటే మా వైపు సంఘాల్లో చాలా వాటి మూలం కూడా ఒక వలస కూలీల క్యాంపులోనే ఉంది. గునపం పక్కన పెట్టి విన్నారు వాళ్ళు, అంట్ల గిన్నెలు పక్కన పెట్టి విన్నారు వీళ్ళు.

2022లో పిన్ని తిరిగొచ్చేసింది, అప్పు తీరింది, ఇల్లు కట్టుకుంది. ఊళ్ళో గుడికి టైల్స్ వేయించడానికి, మైకు సెట్టుకి కువైట్ నుంచి పంపిన డబ్బు చాలానే, గోడ మీద గ్రానైట్ పలకలో పేరు కూడా చెక్కించారు. వచ్చిన రెండో ఆదివారం ప్రార్థనా సమయంలో పిన్ని లేచి నిలబడి ప్రార్థన చేసింది. బాగా చేసింది, అమ్మ అక్కడే ఉంది, అందరూ ఏడ్చారని చెప్పింది. ఆ వారం సంఘ పెద్ద ఒకాయన ఇంటికొచ్చి కాఫీ తాగి, "అమ్మా, నీ ప్రార్థన బాగుంటుంది గానీ, ఆడవాళ్ళు స్త్రీల సమాజంలో చేసుకుంటే పద్ధతిగా ఉంటుంది, ఆదివారం పెద్దలున్నారు కదా" అన్నాడు. పిన్ని సరేనండీ అంది. మళ్ళీ వెనక వరసలో కూర్చుంటోంది. తన పేరున్న పలక ఎదురుగానే కనపడుతుంది అక్కడ నుంచి.

నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది. భక్తసింగ్ గారు పంజాబీ, ఇంజినీరింగ్ చదువుకోవడానికి లండన్, అక్కణ్ణుంచి కెనడా వెళ్ళారు, 1929లో అక్కడే యేసుని నమ్ముకున్నారు, 1933లో తిరిగొచ్చారు, 1950లో హైదరాబాద్‌లో హెబ్రోను మొదలైంది, చాపల మీద కూర్చోవడం, చెప్పులు బయట విడవడం, కలిసి భోజనాలు, ఆయన చెప్పిన పద్ధతి మన తెలుగు ఊళ్ళల్లోకి ఎంతగా వచ్చిందో మనకి తెలుసు. ఆయన పరాయి దేశంలో నేర్చుకుని వచ్చింది విన్నాం. హయ్యర్ గారు చెప్పింది విన్నాం. ఆడమనిషి కాబట్టి వినలేదు అందామంటే, డాక్టర్ అన్నా కుగ్లర్ గారు అమెరికా నుంచి 1883లో వచ్చినప్పుడు వైద్యం పనికని పంపడానికి వాళ్ళ మిషన్ బోర్డే సిద్ధంగా లేదు, అయినా పట్టుబట్టి ఆవిడ కట్టించిన ఆస్పత్రిలో గుంటూరులో సగం మంది పుట్టి ఉంటారు, ఆవిడ పేరు చెప్తే ఇప్పటికీ చేతులు జోడిస్తారు. మరి కువైట్లో అంట్లు తోముతూ వాక్యం నేర్చుకుని వచ్చిన మన సొంత మనిషి నోరు తెరిస్తే పద్ధతి గుర్తొస్తుంది. వాళ్ళ డబ్బు గుళ్ళోకి వచ్చింది, అమెరికా పిల్లలు పంపిన కీబోర్డులు వచ్చాయి, ఎల్‌ఈడీ తెరలు వచ్చాయి, డిసెంబర్‌లో వాళ్ళు సెలవుల మీద వస్తే సెమీ క్రిస్మస్‌లో శాలువాలు కప్పుతాం. వాళ్ళు అక్కడ నేర్చుకున్నది మాత్రం గుమ్మం బయటే విడిచి రమ్మంటున్నాం, చెప్పుల లాగా.

మా గుడి అయ్యగారితో, అంటే పాస్టర్ గారితో, మాట్లాడాను. విన్నారు. ఈస్టర్‌కి ముందొచ్చే లెంటు దినాల్లో ఒక శుక్రవారం మా గుంటూరు గుడికి పిన్నిని పిలిచి వాక్యం చెప్పిద్దాం అన్నారు. పిన్నికి చెప్తే భయపడింది, చూద్దాంలే అమ్మా అంది.

మొన్న జనవరిలో పిన్ని ఇంట్లో పడుకున్నాను. చలికి ముసుగు పెట్టుకుని మంచి నిద్రలో ఉండగా పక్కగదిలో మాటలు వినపడి మెలకువొచ్చింది. ఫోన్ చూస్తే ఒంటిగంటన్నర. మెల్లగా వెళ్ళి చూస్తే పిన్ని మంచం మీద కాళ్ళు ముడుచుకుని, చాదర్ కప్పుకుని, పెద్దక్షరాల బైబిలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, ఫోన్ దిండు మీద స్పీకర్‌లో ఉంది. నన్ను చూసి పెదాల మీద వేలు పెట్టి, ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి, "అక్కడ పదకొండే కదా అమ్మా, ఇప్పుడే వాళ్ళకి పని అయ్యేది" అంది. వచ్చి రెండేళ్ళు దాటింది, ఒక్కరోజు మానలేదట. నేను గుమ్మంలోనే కూర్చుండిపోయాను. పిన్ని కీర్తన ఎత్తుకుంది, గుసగుసగా, ఇక్కడ ఎవరికీ వినపడకూడదన్న భయం లేకపోయినా అలవాటుగా గుసగుసగానే, అటు నుంచి పదీ పన్నెండు గొంతులు అందుకున్నాయి, ఎవరి దగ్గరో ఇంకా పని అవ్వలేదు, పాట మధ్యలో కుళాయి నీళ్ళ చప్పుడు, గిన్నె మీద గిన్నె పెట్టిన చప్పుడు వినపడుతూనే ఉంది.